రోజుకు ఎనిమిది సెకండ్లు

పెట్టె తెరిచి గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాను. టిక్కుటిక్కుల వెనక మరో చప్పుడు ఉంది. మణికట్టును ఒకసారి తిప్పితే లోపల అర్ధచంద్రాకారపు చిన్న బరువు ఒకటి గిర్రున తిరిగి ఆగుతుంది. దీనికి బ్యాటరీ లేదు, చావి ఇవ్వనక్కరలేదు. తొడుక్కున్నవాడి చేయి కదులుతుంటే చాలు, స్ప్రింగు తనంతట తానే చుట్టుకుంటుంది. ఆ గిర్రుమనే చప్పుడును నేను మొదటిసారి విన్నది నలభై ఏళ్ళకు పైబడిన మాట, మందమర్రి బొగ్గు బావిలో, ఏలియా సార్ చేతి దగ్గర. ఆయన మా ఓవర్‌మన్. ఆ షిఫ్టులో భూమి కింద మా పని మొత్తానికి ఆయనే బాధ్యుడు.

ఇప్పుడు నా నివాసం కరీంనగర్. ఈ స్టీలు గడియారాన్ని ఆన్‌లైన్‌లో కొనడానికి ఇరవై మూడు రోజులు పట్టింది. పద్నాలుగు గడియారాల వివరాలను నోటుబుక్కులో గడులు గీసి పోల్చుకున్నాను. నా జన్మలో ఒంటి మీద పెట్టుకున్న వస్తువులన్నింటిలోకీ ఇదే ఖరీదైనది. మంగళవారం పదకొండు నలభైకి చేతికి వచ్చింది. మరునాటి నుంచి ప్రతి ఉదయం సరిగ్గా తొమ్మిదింటికి ఫోనులోని సమయంతో సరిచూశాను. ఆరు రోజులకు నలభై ఎనిమిది సెకండ్లు ముందుకు పోయింది, అంటే రోజుకు ఎనిమిది. రోజుకు ఇరవై సెకండ్ల దాకా తేడా సహజమేనని దాని వెంట వచ్చిన పుస్తకంలో ఉంది. అయినా ఇంత పోసి కొన్న వస్తువు తప్పు చూపడం నాకు మింగుడుపడలేదు. పది రోజుల్లోపు తిప్పి పంపే వీలుంది కనుక ఫోనులో ఆ ఫారం తెరిచాను. ‘రోజుకు ఎన్ని సెకండ్ల తేడా?’ అని ఒక గడి ఉంది. అందులో నలభై ఎనిమిది అని నింపాను.

మా ఇంటావిడ సుగుణ టీ తెచ్చి నా భుజం మీదుగా చూసింది.

“రోజుకు ఎనిమిదని పొద్దుగాల నాకు జెప్తివి గదా. గీడ నలభై ఎనిమిది ఎట్లయింది?”

“ఆరు రోజులది కలిపితే నలభై ఎనిమిదే. అంకెలో తప్పు లేదు.”

“అంకె తప్పని నేనంటలే,” అని కప్పు పక్కన పెట్టి లోపలికి పోయింది.

నేను చివరి బటన్ నొక్కలేదు. ఏలియా సార్ ఉంటే ఆమె అడిగిన ప్రశ్ననే అడిగి ఉండేవాడు.

ఆయనది ఆసిఫాబాద్ వైపు మెథడిస్టు క్రైస్తవ కుటుంబం. తండ్రి మావంటి వాళ్ళ పొలాల్లో కూలి చేసినవాడు. మా ఊళ్ళో మా బాపును అందరూ ‘పటేలా’ అని పిలిచేవారు, అందులో భయం ఉండేది. ఏలియా సార్ నన్నూ అట్లాగే పిలిచేవాడు, కాని ఆ పిలుపులో ఉన్నది భయం కాదు, పరీక్ష. పరీక్ష రాసి సర్దార్‌గా, అంటే మందు పేల్చి కూలీల జట్టును నడిపేవాడిగా, నా ఉద్యోగం మొదలైన రోజున పెళ్ళిలో పెట్టిన బ్యాటరీ గడియారంతో బావి గేటు దగ్గరకు వెళ్ళాను. ఆయన నా చేయి పట్టుకుని ఆపాడు.

“బ్యాటరీది కిందికి రాదు పటేలా. గ్యాసు ఉంటది. బీడీ, అగ్గిపెట్టె, గిది, మూడూ మీదనే.”

“మరి టైం ఎట్ల సార్?”

“గీ షిఫ్టుకు నన్నడుగు. రేపటికి చావి గడియారం ఒకటి జూసుకో. ఇది మీ పొలం కాదు, గంట అటో ఇటో నీళ్ళు పారించెటందుకు.”

మంచిర్యాలలో పాత చావి గడియారం ఒకటి కొన్నాను. అది రోజుకు నాలుగు నిమిషాలు ముందుకు పోయేది. సిగ్గుపడుతూ ఆయనకు చెప్పాను. ఆయన తన జేబు పుస్తకం తెరిచి చూపాడు. ప్రతి పేజీ మీదా తేదీ, దాని కింద ఆ ఉదయం సైరన్‌తో పోల్చిన తన గడియారపు తేడా. “తప్పు చూపెడ్తదని పరేషాన్ గాకు. తప్పు చూపెట్టని గడియారం నేను జూడలే. ఎంత తప్పో, ఎటు తప్పో తెలిస్తే సాలు,” అన్నాడు. ఆ రోజే నేనూ ఒక పుస్తకం కొన్నాను.

నాలుగు నెలల తర్వాత, ఒక మొదటి షిఫ్టులో, బొగ్గు గోడకు ఎనిమిది రంధ్రాలు వేసి మందు పేల్చాను. ఏడు మోతలే లెక్కకు వచ్చాయి. ఒకటి పేలకుండా మిగిలి ఉండవచ్చు. అటువంటప్పుడు ముప్పై నిమిషాల దాకా ఎవరినీ అక్కడికి పోనివ్వకూడదన్నది మా బావిలో కట్టడి. బొగ్గు ఎత్తేవాళ్ళలో పెద్దవాడు లచ్చన్న ఊరుకోలేదు. “రెండు ఒక్కసారే పేలినయి సర్దార్ సాబ్. నాయి చెవులు గావా? బొగ్గు టబ్బులు ఖాళీగ నిలవడ్డయి, జర జల్ది జేయ్.” ఇరవై ఒకటో నిమిషాన నేను ‘పో’ అన్నాను. రిపోర్టులో ముప్పై అని ముందే రాసి పెట్టుకున్నాను.

పక్క గల్లీలోంచి వచ్చిన ఏలియా సార్ లచ్చన్న భుజం పట్టి వెనక్కు లాగాడు. పేలిన మోత ఆయనకూ వినబడింది, ఆ సమయం ఆయన పుస్తకంలో ఉంది. అందరినీ కూర్చోబెట్టి, గడువు నిండాక తనే దీపం పట్టుకుని వెళ్ళి చూసి నన్ను పిలిచాడు. ఎనిమిదో రంధ్రంలో మందు అట్లాగే ఉంది. లచ్చన్న గడ్డపార దించబోయే చోటికి జానెడు దూరం.

“నా గడియారం ముందుకు పోతుంది సార్,” అన్నాను. అది నిజమే.

“దినానికి ఎంత?”

“నాలుగు నిమిషాలు.”

ఆయన పెన్సిల్ తీసి లెక్క వేశాడు. “దినానికి నాలుగు నిమిషాలంటే అరగంటకు అయిదు సెకండ్లు. గడియారం తిన్నది గంతే. కడమ తొమ్మిది నిమిషాలు ఎవరు తిన్నరు పటేలా?”

రాసి పెట్టుకున్న రిపోర్టును ఆయనకు అందించాను. ఆయన చదివి నా చేతికే తిరిగి ఇచ్చాడు. “ముప్పై మీద గీత గియ్యి. చెరపకు, కింది అంకె కనవడాలె. పక్కన ఇరవై ఒకటి రాసి సంతకం వెట్టు.”

“సర్టిఫికెట్ పోతది సార్.”

“పోతే మళ్ళ పరీక్ష రాస్తవు. లచ్చన్నను ఏ పరీక్ష రాసి తెస్తవు?”

గీత గీశాను. ఆయన తన రిపోర్టులో, ఎవరూ అడగకుండానే, కొత్త సర్దార్‌ను ఒంటరిగా వదిలి పక్క గల్లీకి వెళ్ళిన సంగతి రాసి సంతకం చేశాడు. దానికి ఆయనకు హెచ్చరిక కాగితం వచ్చింది. నా సర్టిఫికెట్‌ను ఆరు నెలలు పక్కన పెట్టారు. ఆ ఆరు నెలలూ దీపాల గదిలో దీపాలు అందించాను. లచ్చన్న రోజూ తన దీపం తీసుకుంటూ “టైం ఎంతాయె సర్దార్ సాబ్?” అని అడిగి, పళ్ళన్నీ కనబడేలా నవ్వి పోయేవాడు. ఆ వేళాకోళం మొదట్లో గుచ్చుకునేది. తర్వాత తర్వాత, అది వినబడేదాకా నాకు రోజు మొదలయ్యేది కాదు.

ఏలియా సార్‌ను చివరిసారి చూసింది ఆసిఫాబాద్‌లో, ఆయన ఇంట్లో. చూపు మందగించింది. గడియారం మాత్రం చేతికే ఉంది, అద్దానికి బొగ్గు తగలకుండా మణికట్టు లోపలి వైపుకు తిప్పి పెట్టుకునే అలవాటు మానలేదు.

“టైం ఎంతైంది పటేలా?”

“పదకొండు ఇరవై సార్. నాది రెండు నిమిషాలు ముందు.”

“అయితే పదకొండు పద్దెనిమిది.” కొంచెంసేపు నవ్వాడు. “మంచిగనే ఉన్నవ్.”

ఆయన పోయాక ఆ గడియారం ఆయన బిడ్డ దగ్గర ఉండిపోయింది, అదే న్యాయం. అటువంటి చప్పుడు చేసేది ఒకటి నా చేతికీ ఉండాలన్న కోరికతోనే ఇన్నేళ్ళకు దీన్ని కొన్నాను. కొని, ఆయన నేర్పిన లెక్కతోనే ఆయన ఒప్పుకోని పని చేయబోయాను. ఆ రోజు నా గడియారం ముందుకు పోవడం నిజం, ఈ రోజు నలభై ఎనిమిది నిజం. రెండు చోట్లా నన్ను అడిగింది మరొకటి.

టీ చల్లారిపోయింది. గడిలోని నాలుగును చెరిపి, ఎనిమిదిని మిగిల్చి బటన్ నొక్కాను. తేడా పరిమితిలోనే ఉన్నందున తిరిగి తీసుకోలేమని వెంటనే జవాబు వచ్చింది.

“ఏమంటున్నరు?” అని లోపలి నుంచి సుగుణ అడిగింది.

“తీసుకోరట.”

“మంచిగైంది. టైం ఎంత, కుక్కర్ బంద్ చెయ్యాలె.”

గడియారాన్ని మణికట్టు లోపలి వైపుకు తిప్పి పెట్టుకుని, చూసి చెప్పాను. తర్వాత జేబు పుస్తకంలో కొత్త పేజీ మీద తేదీ వేసి, దాని కింద ‘రోజుకు ఎనిమిది సెకండ్లు ముందు’ అని రాశాను. అంతకు మించి ఏ తేడా వచ్చినా అది గడియారానిది కాదు.