రిటైరు కాని మనిషికి ఊరేగింపు

నవ్వేటోళ్లు నవ్వుండ్రి, నాకేం లేదు. మొన్న నెలాఖరు రోజు ఒకాయనను డప్పులతోని, గజమాలతోని, జీపుల నిలవెట్టి ఊరేగించి ఇంటికి తీస్కపోయిన. ఇల్లు కరెక్టే. మనిషే వేరు.

మొదటిసంది చెప్త. మా నాయిన బాయిల, అంటే బొగ్గుగనిల పని చేస్తడు. నడుము పోయింది. మెడికల్ బోర్డుకు పోయి అన్‌ఫిట్ అయితే ఆ నౌకరి కొడుక్కు వస్తది. గోదావరిఖనిల ఇంతకంటె పెద్ద వరం లేదు. పిల్లనిచ్చెటోళ్లు గూడ ముందుగాల అదే అడుగుతరు. నేను వద్దన్న. బొగ్గు తీసే సర్కారు కంపెనీ క్వార్టర్ల పుట్టిన, కంపెనీ దవాఖానల సూదులు వేయించుకున్న, కంపెనీ బడిల చదివిన, కంపెనీ నల్లా నీళ్లు తాగిన. బువ్వన్నా సొంతంగ తినొద్దా? సర్కారు వాసన తగలని పని చేస్తనని మొండికేసిన. ఇప్పటికీ ఆ మాట మీదనే ఉన్న.

ఆ పనేందంటె ఈవెంట్లు. మా దగ్గర పెండ్లిళ్లకంటె రిటైర్‌మెంట్లే జోరుగ అయితయి. నెలాఖరు వచ్చిందంటె చౌరస్త నిండ డప్పులే. రిటైరైన మనిషికి దండలేసి, గులాలు చల్లి, ఓపెన్ జీపుల ఇంటిదాక తీస్కపోతరు. ఆ రోజు జీపు దొరకాలంటె పైరవీ చెయ్యాలె.

సర్కారు వద్దంటవ్, సర్కారోళ్ల దండలు మోస్తవా అని నాయిన ఎక్కిరించిండు. ఆఖరికి ఒక షరతు పెట్టిండు. మొదటి ప్రోగ్రాం ఇజ్జత్‌తోని చేస్తే నా ఇష్టం. లేకుంటె నోరు మూసుకొని నౌకరికి ఒప్పుకోవాలె. నేను సై అన్న.

మొదటి ఆర్డర్ రాజలింగు కాకది. బుక్ చేసింది ఆయన అల్లుడు, బసంత్‌నగర్‌ల ఉంటడు. మాటలన్నీ ఫోన్‌లనే. మామకు సర్‌ప్రైజ్ అంట, ఆయనను ముందుగాల కలవొద్దంట. ఫోటో అడిగితె కాక పెండ్లినాటిది పంపిండు. నల్లటి జుట్టు, దువ్విన మీసం. ఫ్లెక్సీ కొట్టెటాయన దాన్ని ఇంకింత తెల్లగ చేసిండు.

వేరేటోళ్లు మనిషి తానం చేసి, తెల్లంగి తొడుక్కున్నంకనే ఊరేగిస్తరు. నేను తెలివిమంతున్ని గద! బాయిలకెళ్లి వచ్చుడు వచ్చుడే హెల్మెట్‌తోని, బొగ్గు మొఖంతోని జీపెక్కిస్తనన్న. ఒరిజినల్ లుక్, రీల్‌కు మస్తుంటది. అల్లుడు గూడ సూపర్ అన్నడు.

ఫస్టు షిఫ్టు విడిచింది. మంది బిలబిల బయటికొచ్చిండ్రు. అందరి మొఖాలు ఒక్కతీరే. కండ్లు, పండ్లు తప్ప ఏం కనవడ్తలేవు. రాజలింగు కాక ఎవరని అరిచిన. అప్పటికే డప్పులోళ్లు మొదలువెట్టిండ్రు, నా గొంతు నాకే ఇనవడ్తలేదు. ఒకాయన అందరికంటె మెల్లగ, దిగులుగ నడిచొస్తున్నడు. ఆఖరి డ్యూటీ, బాధ ఉండదా మరి అనుకొని గజమాల వేసేసిన. ఆయన ఏదో చెప్పబోయిండు, బంతిపూలు నోటికి అడ్డం పడ్డయి. వెనకాలోళ్లు ఈలలేసుకుంట ఆయనను ఎత్తి జీపుల నిలవెట్టిండ్రు. ఇగ ఆగుతమా?

దారి పొడుగుత ఆయన చేతులూపుడే ఊపుడు. చౌరస్తల రెండు స్టెప్పులు గూడ వేసిండు. మా వెనకాల బండి మీద ఇద్దరు హారన్ కొట్టుకుంట దారి ఇయ్యమంటున్నరు. పెద్దమనిషి రిటైర్‌మెంటు, జర ఆగరాదా అని నేనే దిగి కసిరిన. పాపం, ఆగిండ్రు.

ఇంటి ముందట టెంటు, కుర్చీలు, చుట్టాలు. రాజలింగు కాక భార్య మల్లవ్వ హారతి పళ్లెం పట్టుకొని ఎదురొచ్చింది. తలెత్తి చూసింది. పళ్లెం అట్లనే ఆగిపోయింది.

"ఈయనెవరు బిడ్డా?" అన్నది. "మా ఆయనేడి?"

వాళ్లాయన మా వెనకాల హారన్ కొట్టిన బండి మీద, చేతుల టిఫిన్ డబ్బతోని కూసున్నడు. నేను కసిరింది ఆయననే. టోపీ దీపం అప్పజెప్పే లాంపు రూముల అందరికి పోయొస్తనని చెప్పి వచ్చేసరికి జర ఆలస్యమైందట. ఎవరి అదృష్టమో అనుకొని మా డప్పుల వెనకాలనే ఇంటిదాక వచ్చిండు.

జీపుల ఉన్నది కొమురయ్య కాక. ఆయన సర్వీసు ఇంకా నాలుగేండ్లుంది. మరెందుకు ఎక్కినవ్ కాకా అంటె, కంపెనీ ఏదో సన్మానం చేస్తున్నదనుకున్నడట. నా కడుపు మండింది. దండ నాది, జీపు నాది, డప్పులు నావి, పేరు మాత్రం కంపెనీకి!

రాజలింగు కాక బండి దిగలేదు. తనను బాయి కాడికి తీస్కపోయి అక్కడికెళ్లి మళ్ల తీస్కరమ్మన్నడు. న్యాయమే గదా, తీస్కపోయిన. కొమురయ్య కాక మాత్రం జీపు దిగనంటె దిగనన్నడు. ఇద్దర్నీ ఊరేగించినం.

నా మొదటి ప్రోగ్రాం చూద్దామని వచ్చిన మా నాయిన గూడ ఆ చుట్టాల నడుమ ఉన్నడు, రుమాలు మొఖానికి అడ్డం పెట్టుకొని. ఇంటికి పోయినంక నేనే ముందుగాల మొదలువెట్టిన. ఇజ్జత్ పోయిన మాట నిజమే, ఒప్పుకుంట. అయినా నౌకరి చెయ్య. కావాలంటె ఇంట్లకెళ్లి ఎల్లగొట్టు అన్న.

 నాయిన రుమాలు మడతవెట్టి, మెడికల్‌ల అన్‌ఫిట్ అయి పోయెటోళ్లకు డప్పులు కొడ్తరా అని అడిగిండు. ఎవలు కొడ్తరు? సప్పుడు లేకుంట ఇంటికొచ్చుడే.

"అయితె నేను బోర్డుకు పోను," అన్నడు. "బాయిల దిగకుంట, పైన చేసే తేలిక డ్యూటీ అడుక్కుంట. పూర్తిగ చేసి రిటైరైత. నన్ను గూడ గట్లనే తీస్కపోవాలె."

నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. నౌకరి నా మెడకు కట్టుడు వదిలి నా డప్పులే అడిగిండు గద, సర్కారు మీద గెలిచిన అనిపించింది. ఆ ఊపుల, మరి అడ్వాన్సు అన్న.

"జీపుల ఎక్కింది మీ అయ్యనే అని ముందుగాల గుర్తువట్టు," అన్నడు. "అప్పుడు ఇస్త."