దర్శి దాకా వెళ్ళిన ప్రస్థానం

థాయ్‌లాండ్‌లో ఉద్యోగం చేసుకునే మనవాళ్ళకు ముందే ఒక మాట. ఊరికి బయల్దేరే ముందు రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకోండి. అది లేకుండా ఆ దేశం దాటితే ఉన్న నివాస అనుమతి అక్కడికక్కడే రద్దవుతుంది. నేను తీసుకునే వచ్చాను. నా అవస్థ వేరే.

నేను బ్యాంకాక్‌లో లెక్కల టీచర్ని. నా అనుమతి బుధవారంతో ముగుస్తుంది. ఆలోగా తిరిగి దిగి పొడిగింపుకు పెట్టుకోవాలి. మా ఆయనా, పాపా అక్కడ ఉంటున్నది నా వీసా మీదే. నాది పోతే వాళ్ళదీ పోతుంది, పాప చదువు మధ్యలో ఆగుతుంది.

సోమవారం రాత్రి విజయవాడలో చెన్నై రైలు, మర్నాడు విమానం. సోమవారమేమో అమావాస్య. మంగళగిరిలో మా మేనత్త ససేమిరా అంది. "ఆదివారమే మంచి ఘడియలో ప్రస్థానం ఉంచుదామే," అంది. వెంట తీసుకెళ్ళే వస్తువొకటి ముందుగా పొరుగింట్లో పెడితే ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. వెళ్ళేటప్పుడు దాన్ని తీసుకుని, మళ్ళీ ఇంట్లో అడుగుపెట్టకుండా పోవాలి. "పాస్‌పోర్టు లేనిదే ఎలాగూ కదలను, అదే పెట్టు," అని ఎగతాళి చేశాను. ఆవిడ నిజంగానే పాస్‌పోర్టున్న నా చేతిసంచీ తీసుకెళ్ళి ఎదురింటి కోటేశ్వరమ్మ గారికి ఇచ్చింది. వాళ్ళది చీరలు నేసే ఇల్లు.

సోమవారం పొద్దున చూస్తే ఎదురింటికి తాళం. దర్శిలో ఉన్న కూతురికి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయని ఆవిడ తెల్లారకముందే వెళ్ళిపోయింది. ఫోన్ చేస్తే, "సంచీ నా దగ్గరే ఉందమ్మా," అంది. అత్తయ్య మీద అరిచి బయటపడ్డాను.

గుంటూరులో ఎనిమిదింటికి దర్శి బస్సు దొరికింది. చిలకలూరిపేటలో టీ మాత్రం తాగాను. అద్దంకి దారిలో కల్లాల నిండా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి; కిటికీ మూసినా తుమ్ములాగలేదు. పక్క సీటు రైతు నన్నే చూస్తున్నాడు. "ఏమ్మా, ఎవరికన్నా బాగాలేదా? మొహం అట్టా పెట్టావే?" అన్నాడు. సంగతి చెప్పాను.

"పాసుపోర్టుని ప్రస్థానం పెట్టారా! ఓర్నాయనో!" అని నవ్వాడు. "మా కాయలు గూడా ఆ దేశం పోతయ్యంటగా. వాటికి లేని బాధ నీకొచ్చిందే!"

నాకూ నవ్వొచ్చింది, వెనకే ఏడుపూ వచ్చింది. పన్నెండేళ్ళుగా పన్ను కడుతున్న దేశంలో ఒక్క రోజు ఆలస్యమైతే నేను ఎవరినీ కాను. ఈ మాట మనం అక్కడ పైకి అనుకోం.

దర్శి ఆసుపత్రి వరండాలో కోటేశ్వరమ్మ గారు గోడకు చేరగిలబడి ఉంది. నా సంచీ ఆవిడ చంకలోనే ఉంది. దారంతా కూడగట్టుకున్న కోపంతో ఒక్కసారిగా అడిగేశాను: "అత్తయ్యకిచ్చి రావచ్చు కదండీ?"

"ప్రస్థానం వెనక్కి ఇంటికెట్టా ఇస్తానమ్మా? నీ ప్రయాణం చెడదూ? లోపల పెట్టి తాళమేస్తే నువ్వు ఆగిపోతావు. ఫోనొచ్చాక నాకు ఒళ్ళు తెలీలా, నీ సంచీ మాత్రం వదల్లా."

కూతురెలా ఉందని అడిగితే, "లోపలికి తీసుకెళ్ళారు. ఇంకా ఏమీ చెప్పలా," అంది. పక్కన కూర్చోబోతే భుజం పట్టుకుని లేపింది. "నువ్వు పో తల్లీ. మళ్ళీ ఇంటికి మాత్రం పోమాకు."

పోలేదు. నేరుగా ఒంగోలు బస్సెక్కాను. చార్టు తయారు కాకముందే ఫోన్‌లో రైలెక్కే స్టేషన్ని ఒంగోలుకు మార్చుకున్నాను. పెట్టె మంగళగిరిలోనే ఉండిపోయింది. ప్లాట్‌ఫారం మీద కూర్చుని థాయ్‌లాండ్ డిజిటల్ అరైవల్ కార్డు నింపాను. దిగే ముందు మూడు రోజుల్లోపే నింపాలి, రుసుము లేదు. డబ్బడిగే వెబ్‌సైట్ల జోలికి పోకండి. బ్యాంకు కార్డునే నమ్ముకోక కొంచెం థాయ్ డబ్బు, బాత్‌లు, నగదుగా కూడా దగ్గర ఉంచుకోండి. రైలెక్కాక అత్తయ్యకు ఫోన్ చేసి క్షమించమన్నాను. ఆవిడ, "అన్నం తిన్నావా?" అంది.

మంగళవారం సాయంత్రం బ్యాంకాక్‌లో అధికారి పర్మిట్ చూసి, నా మొహం చూసి, ముద్ర వేశాడు. బయట మా ఆయనా, పాపా ఎదురుచూస్తున్నారు. వాళ్ళ దగ్గరికి వెళ్ళకముందే దర్శికి ఫోన్ చేశాను, అడగడానికి భయపడుతూనే.

"చేరావా తల్లీ?" అంది కోటేశ్వరమ్మ గారు.

చేరానని చెప్పేలోగా అవతల పసిబిడ్డ ఏడుపు వినిపించింది.