పాముల గదికి తాళం

మేస్టారి చితి చల్లారకముందే ఆయన పాముల గదికి తాళం వేసినవాడు మన కాలనీ కమిటీ కార్యదర్శి. లోపల మూడు జెర్రిపోతులున్నాయి, ఒంటినిండా నెత్తురు తాగే పురుగులతో.

మంగళవారం గుండెపోటుతో పోయిన మేస్టారు మన తెలుగు బడిలో నాకు సైన్సు చెప్పిన మనిషి. రిటైరయ్యాక బడి వెనక రేకుల గదిలో చెక్కపెట్టెల్లో పాముల్ని పెట్టి, ఇవి పగబట్టవు, పాలు తాగవు అని గార్డెన్ రీచ్ పిల్లలందరికీ చూపించేవారు.

ఆ పురుగుల్ని మొదట్లో ఎవరం పోల్చుకోలేదు. కలకత్తా డాకుల పక్కన బతికే మనకి నల్లచుక్క ఎక్కడ కనిపించినా బొగ్గు నుసే కదా! పాము గడ్డం కింద ఉన్నదీ నుసేననుకుని మేస్టారు తడిగుడ్డతో తుడిచారు. గుడ్డ మీద నుసి నడిచింది. "ఒరే, మసికి కాళ్లొచ్చాయిరా!" అని కేకేశారు.

ఇక అప్పటినుంచీ అదే పని. పాముల్ని సంచుల్లోకి మార్చడం, పెట్టె పగుళ్లలో మరిగే నీళ్లు పొయ్యడం, ఎండబెట్టడం, కొత్త కాగితం పరవడం. పగుళ్లలో గుడ్లు మిగిలాయా, మళ్లీ మొదటికే. నేను కరపత్రాలు చదివి, మూఢనమ్మకాల మీద యుద్ధం అంటూ ఆ గది గోడమీద ఎర్రరంగుతో నినాదం రాశాను. ఆయన చూసి, "పాముకి చదువు రాదు గాని, ఆ బ్రష్షుతో పెట్టె తోము" అన్నారు. ఒళ్లు మండింది. తోమాను.

నాగులచవితికి ఇంకా మండింది. డాకు కూలీల లైన్ల ఆడవాళ్లు చెంబులతో పాలు పట్టుకొచ్చేశారు. పెట్టె తడిస్తే పురుగు మరీ పెరుగుతుంది.

"ఇది నాగు కాదమ్మా, జెర్రిపోతు."

"ఏటి మేస్టారూ, ఈ సిమెంటు మీద పుట్టెక్కడుంది? ఉన్న పామే మా దేముడు" అంది ఒక పెద్దమ్మ.

నేను ఉపన్యాసానికి గొంతు సవరించుకునేలోపు ఆయన చెంబులన్నీ అందుకుని, పెట్టెలకి ఒకసారి చూపించి, ఆ పాలతో టీ కాచి అందరికీ పోశారు. మరుసటేడు పెద్దమ్మ పంచదార కూడా తెచ్చింది.

నిన్న తాళంచెవి అడిగితే కార్యదర్శి, "ఆవేశపడకు భాయ్. గది కమిటీది. మీటింగ్ పెట్టి తీర్మానం చేద్దాం" అన్నాడు.

"పాములకి తీర్మానమేటి దాదా? నీళ్లు కావాల!"

"అయితే వాటినీ మీటింగుకి తీసుకురా" అని నవ్వాడు. ప్రజల పేరు చెప్పుకుని గెలిచిన మనిషి!

కిటికీ సందులోంచి చూశాను. పెద్ద జెర్రిపోతు నీళ్ల గిన్నెలో మునిగి పడుకుంది, ముక్కు ఒక్కటే పైకి. పురుగులు కుడుతుంటే పెట్టెలో ఉన్న పాము చేసుకోగలిగిన వైద్యం అంతే. గిన్నెలో నీళ్లు సగానికి వచ్చాయి.

ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి పాముల గది ముందుకి రండి. వేణ్ణీళ్లు, పాత పేపర్లు తెండి. తాళం తీసేదాకా కదలొద్దు. తెలుగు చదవడం రాని తమ్ముళ్లకి ఇది చదివి వినిపించండి. పెద్దమ్మా, నువ్వు పాలు మర్చిపోకు.