ఆగు బిడ్డా, అయితది

దయ్యాలంటే నాకు మొదటినుంచీ వెటకారమే. చీకటి పడ్డాక ఈల వేయొద్దని అమ్మ అంటే కావాలనే వేసేదాన్ని. చిక్కడపల్లిలో మేం కిరాయికుండే ఇంటి మెట్ల కింద ఎవరో తిరుగుతున్నారని పక్కింటివాళ్లు హడలిపోతుంటే, టార్చి వేసి పందికొక్కును చూపించింది నేనే. నా వృత్తి కూడా అలాంటిదే. వెబ్‌సైట్లు రాస్తాను. ఏదైనా నడిచినా, ఆగినా, దానికి కారణం కోడ్‌లో ఎక్కడో ఒక లైన్లో ఉండి తీరుతుంది. ఆ లైను దొరికేదాకా నాకు అన్నం సయించదు.

ఇప్పుడు చెప్పబోయేదానికి ఆ లైను ఇంతవరకూ దొరకలేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు ఝల్లుమంటుంది. భయంతో కాదు, అదే విచిత్రం.

అశోక్‌నగర్‌లో మల్లేశన్నకు ఒక రీడింగ్ హాల్ ఉంది. సర్కారు కొలువుల పరీక్షలకు చదివే పిల్లలతో ఎప్పుడు చూసినా కిటకిటలాడుతుంది. ఏటా ఒక పరీక్ష పెట్టి, అందులో ఫస్టు వచ్చిన ఒక్కరికి ఏడాదిపాటు కోచింగూ హాస్టలూ ఉచితంగా ఇస్తాడు. ఈసారి ఆ పరీక్ష కంప్యూటర్ల మీద పెడదామని సరదా పడి, పని నాకు అప్పజెప్పాడు.

కంప్యూటర్లను చూసి తల పట్టుకున్నాను. అన్నీ ముసలివి. నారాయణగూడలో మూతపడిన ఒక ఇన్‌స్టిట్యూట్ నుంచి తెచ్చాడట. ఆ ఇన్‌స్టిట్యూట్ పేరు వినగానే నా ప్రాణం లేచొచ్చింది. నాకు మొదటిసారి కీబోర్డు ముట్టించింది, అక్కడ అందరూ పెద్ద సార్ అని పిలిచే సత్యం సారే. సార్ పోయాక నడిపేవాళ్లు లేక దాన్ని మూసేశారు.

కంప్యూటర్ బిగుసుకుపోయి మేం కీలన్నీ టపటపా కొట్టేస్తుంటే, సార్ వెనకనుంచి నింపాదిగా "ఆగు బిడ్డా, అయితది" అనేవారు. ఆశ్చర్యం ఏమిటంటే, కాసేపటికి అయ్యేది కూడా. నేను కోర్సు పూర్తిచేసి వెళ్లేరోజు ఆయన ఒక మాట అన్నారు. "నీ సొంత పని మొదలువెట్టినంక నాకు జెప్పు. నడుస్తదో లేదో నేనే వచ్చి కూసోని చూస్త." నా సొంత పని మొదలయ్యేసరికి ఆయన లేరు.

సరే, పనిలోకి వస్తాను. ఇప్పటి వెబ్‌సైట్లన్నీ "ప్రామిస్" అనేదాని మీద నడుస్తాయి. టిఫిన్ సెంటర్లో దోశ చెప్పి టోకెన్ తీసుకుంటాం కదా, అదే ప్రామిస్. దోశ వచ్చేదాకా కౌంటర్ దగ్గరే నిలబడక్కర్లేదు, మన పని మనం చూసుకోవచ్చు. విద్యార్థి ఒక జవాబు నొక్కితే, అది వెళ్లి మెయిన్ కంప్యూటర్లో చేరేలోపు తను తర్వాతి ప్రశ్న చదువుకోవచ్చు. పాత బ్రౌజర్లకు ఈ టోకెన్ పద్ధతి తెలియదు. ప్రామిస్ అన్న మాట కనబడగానే నాకర్థం కాలేదని చతికిలబడతాయి. తెల్ల పేజీ తప్ప ఇంకేం చూపించవు.

దానికి మందు ఒక చిన్న లైబ్రరీ, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్ ముక్క. ముందు దాన్ని లోడ్ చేస్తే, ప్రామిస్ అంటే ఏమిటో అదే ముసలి బ్రౌజర్‌కు నేర్పిస్తుంది. మొదటిసారి అది పనిచేసినప్పుడు నేను కుర్చీలోంచి ఎగిరి గంతేశాను. జవాబు చేరేదాకా తెర మీద ఒక మెసేజ్ కనబడాలి. సార్ గుర్తొచ్చి "ఆగండి, అయితది" అని పెట్టాను. చేరగానే "అయింది" అని వస్తుంది. మల్లేశన్న అది చూసి, "మస్తుంది చెల్లె, మనోళ్లు మాట్లాడినట్టే ఉన్నది" అని మురిసిపోయాడు.

పరీక్ష రాసేవాళ్లలో స్వప్న అనే అమ్మాయి ఉంది. జనగామ వైపు పల్లె, మా గల్లీ హాస్టల్లోనే ఉంటుంది. ఈ సీటు వస్తే ఉండు, రాకుంటే వచ్చెయ్ అని వాళ్ల నాన్న తేల్చి చెప్పాడట. పిల్ల బ్యాగు సర్దుకునే పరీక్షకు వచ్చింది. పోటీకి ఒకటే పేపరు, మళ్లీ పెట్టేది లేదు.

పరీక్ష మొదలయ్యే ముందు మల్లేశన్న వచ్చి, "చెల్లె, నెట్ పోయింది, పరేషానా?" అన్నాడు. "ఏం కాదన్నా, జవాబులు చేరే కంప్యూటర్ ఇక్కడే ఉంది కదా" అని దర్జాగా చెప్పాను. పిల్లలు కూర్చున్నారు, తలుపు వేశారు.

అప్పుడు తట్టింది. ఆ చిన్న లైబ్రరీని నేను బయట నెట్ నుంచే తెప్పిస్తున్నాను! తతిమ్మా కంప్యూటర్లకు ఫర్వాలేదు. ప్రాక్టీసప్పుడు వాటిలో దాని కాపీ నిలిచిపోయింది. కిటికీ పక్కది మాత్రం రిపేరుకు వెళ్లి ఆ పొద్దునే తిరిగొచ్చింది. నా పేజీని అది పుట్టి బుద్ధెరిగి చూడలేదు. తలుపు అద్దంలోంచి చూశాను. దాని ముందు స్వప్న.

ఆ తెర తెల్లగా ఉండాలి. ప్రశ్నలు రావడానికి వీల్లేదు. కానీ ఆ పిల్ల తల వంచుకుని చదువుతోంది, నొక్కుతోంది, మళ్లీ చదువుతోంది. చెయ్యి ఎత్తలేదు, ఎవర్నీ పిలవలేదు. ఎట్లా? ఎట్లా? అని నాలో నేనే గొణుక్కుంటూ వరండాలో పిచ్చిదానిలా తిరిగాను.

గంట కొట్టగానే లోపలికి పరుగెత్తి మెయిన్ కంప్యూటర్ చూశాను. స్వప్న జవాబులన్నీ చేరాయి. ఒక్కటీ పోలేదు. అక్కడే గట్టిగా అరిచేశాను. తర్వాత కిటికీ పక్క కంప్యూటర్ ముందు కూర్చుని అణువణువూ వెతికాను. లైబ్రరీ దానిలో లేదు. దొరకలేదన్న ఎర్రర్ మాత్రం ఎర్రగా ఉంది. దాని కిందే, ప్రామిస్ అంటే ఏమిటో తెలియదన్న ఇంకో ఎర్రర్. అంటే నా కోడ్ మొదటి అడుగులోనే ఆగిపోయింది. మరి ప్రశ్నలు చూపించింది ఎవరు, జవాబులు పంపింది ఎవరు?

పేజీ మళ్లీ తెరిచాను. తెల్లగా వచ్చింది. ఎన్నిసార్లు తెరిచినా తెలుపే.

స్వప్న బ్యాగు భుజానికి వేసుకుని నవ్వుతూ వచ్చింది. "అక్కా, నీ కంప్యూటర్ భలే మాట్లాడ్తది. జర భయమైంది గని, అది గట్ల అంటుంటే ధైర్యమొచ్చింది."

"ఎట్ల అన్నది?"

"నొక్కినప్పుడల్లా 'ఆగు బిడ్డా, అయితది' అని వచ్చింది కదక్కా. పట్నం వచ్చినంక నన్ను బిడ్డా అన్నోళ్లే లేరు."

పక్కనున్న అబ్బాయిని అడిగాను. "ఆగండి అనే వచ్చిందక్కా" అన్నాడు. అందర్నీ అడిగాను. అందరికీ ఆగండి అనే వచ్చింది. అలవాటు కొద్దీ నేనే ఎక్కడో టైప్ చేసి మరిచానేమోనని కోడంతా గాలించాను. బిడ్డా అన్న మాట అందులో ఎక్కడా లేదు. ఆ పిల్లకు సత్యం సారెవరో తెలియనే తెలియదు.

మల్లేశన్నను లాక్కెళ్లి, ఇది నారాయణగూడలో ఎవరు వాడేవారని అడిగాను. తీసుకొచ్చిన రోజు గుర్తు చేసుకుని చెప్పాడు. "కిటికీ పక్కదా? అది పెద్ద సార్ టేబుల్ మీదిది చెల్లె. ఏందట్ల ఏడుస్తున్నవ్?"

నేను ఏడుస్తున్నానని నాకు అప్పటిదాకా తెలియదు. సంతోషం పట్టలేకపోయాను, అంతే.

సీటు స్వప్నకే వచ్చింది. బ్యాగు విప్పి మళ్లీ మా గల్లీ హాస్టల్లోనే సర్దుకుంది. ఆమె చదివి రాసింది, దానికి ఏ మాయా లేదు. ఆ జవాబులు చేరడం మాత్రమే నాకు అంతుబట్టదు. ఇదే పనిలో ఉన్న తెలివైనవాళ్లకు చెప్పాను. పాత కాపీ ఉండి ఉంటుందన్నారు, ఆ పిల్ల పొరపాటుగా చదివి ఉంటుందన్నారు. ఉండొచ్చు. కానీ వాళ్లెవరూ ఆ ఎర్రగా ఉన్న రెండు ఎర్రర్లను చూడలేదు.

లైబ్రరీని ఇప్పుడు హాల్ కంప్యూటర్లోనే పెట్టేశాను. నెట్ పోయినా ఇబ్బంది లేదు. మల్లేశన్న ఒకటే పోరు, "ఆ మెసేజ్‌ల గూడ 'ఆగు బిడ్డా' అని పెట్టరాదు చెల్లె, మంచిగుంటది" అని. నేను మార్చలేదు. "ఆగండి" అనే ఉంచాను. నేను మారిస్తే, మళ్లీ ఎప్పుడైనా ఆ మాట తెర మీదికి వచ్చినప్పుడు, అది ఎవరన్నదో నాకెలా తెలుస్తుంది?