అన్నీ తప్పు చెప్పిన పిల్ల

పోయిన వారం నరసరావుపేటలో మాకు ట్రైనింగ్ పెట్టారు. ప్రాథమిక పాఠశాలలో ప్రతిభ గల పిల్లల్ని ఎలా గుర్తించాలి, గుర్తించాక వాళ్లకి ఎలా చదువు చెప్పాలి అన్నది విషయం. రిటైర్మెంటు గుమ్మంలో ఉన్నదాన్ని, ఇప్పుడు నాకు గుర్తించడం నేర్పి ఎవరు బాగుపడతారు అని సణుగుతూనే బస్సెక్కాను. పాఠం చెప్పడానికి వచ్చిన కుర్రాడు మా అబ్బాయి కంటే చిన్నవాడు. తెర మీద ఒక్కొక్కటే లక్షణాలు చూపిస్తున్నాడు. ప్రతిభ గల పిల్లలు చకచకా జవాబులు చెప్తారట, ముందుకొచ్చి మాట్లాడతారట, తోటివాళ్లని నడిపిస్తారట. హాల్లో అందరూ తలలూపుతున్నారు. అందరూ ఒక్కసారే తలూపితే నాకు ఎక్కడలేని అనుమానం వస్తుంది. చివర్లో ఏమైనా సందేహాలున్నాయా అని మర్యాదకి అడిగాడు. నేను లేచి, "అడిగినవన్నీ తప్పు చెప్పే పిల్ల సంగతేంటి బాబూ?" అన్నాను. హాలంతా నవ్వింది. పాపం, వాడూ నవ్వాడు. నేను కూర్చున్నాను గానీ, మధ్యాహ్నం పెట్టిన పులిహోర తింటున్నంతసేపూ నా మనసు గురజాల వైపు పల్లెలోని ఆ రెండు గదుల బళ్లోనే ఉంది.

అనుమానం నాకు పుట్టుకతోనే వచ్చింది. పాలవాడు నవ్వుతూ పాలు పోస్తే ఇంటికెళ్లి మరగబెట్టి మీగడ చూసేదాకా నాకు నిద్ర పట్టదు. "నువ్వు పోలీసుల్లో చేరాల్సింది, దారి తప్పి బళ్లో పడ్డావు" అని మా ఆయన పెళ్లయినప్పట్నుంచీ అంటూనే ఉన్నారు. ఆ బడికి బదిలీ మీద వెళ్లిన మొదటిరోజే వంటమనిషి గుడ్లు ఉడకబెడుతుంటే పక్కన నిలబడి చూశాను. ఆవిడ నన్ను అదోలా చూసి, "ఏంది మేడం, గుడ్లు ఎగిరిపోతయ్యనా?" అంది. గుడ్లు ఎక్కడికీ ఎగిరిపోలేదు, అది ఒప్పుకోవాలి. నాపరాళ్లు పరిచిన రెండు గదులు, మధ్యలో తలుపు లేని ద్వారం. ఒకటి, రెండు తరగతులు నా గదిలో. మూడు, నాలుగు, అయిదు అన్నీ కలిపి పెద్దసారు గదిలో. పెద్దసారంటే మా హెడ్మాస్టరు. స్కూటరు మీద ఎండనబడి వచ్చేవారు, బడికి ఒక్కరోజు ఆలస్యంగా వచ్చి ఎరగరు. నన్ను మేడం అనకుండా "అమ్మా" అని పిలిచేవారు. ఆ పిలుపు వెనక ఏ పని అంటగడతారోనని మొదట్లో దాన్ని కూడా అనుమానించాను.

ఆయన గదిలో ఒక పద్ధతి ఉండేది. అది మా పల్నాట్లో చదువుకున్నవాళ్లకి కొత్తదేమీ కాదు. సారు ఒక ప్రశ్న వేస్తారు. మూడు తరగతులకీ కలిపే వేస్తారు. వరసగా అందరూ నిలబడి తెలీదంటుంటే ఎవరు సరైన జవాబు చెప్తారో వాళ్లు వెళ్లి, చెప్పలేనివాళ్లందరికీ తలా ఒక మొట్టికాయ వేయాలి. మెల్లగా వేస్తే కుదరదు. "ఏందిరా, పేలు చూస్తన్నావా? గట్టిగా వెయ్యి. లేకపోతే నీకు పడద్ది" అనేవారు సారు. పిల్లల్ని కొట్టకూడదని పైనుంచి ఆర్డర్లు వచ్చాక ఆయన బెత్తం తీసి బీరువా మీద పడేశారు. మొట్టికాయలు మాత్రం మిగిలాయి. అదేంటి సార్ అంటే, "నేను కొడుతున్నానా అమ్మా? వాళ్లల్లో వాళ్లే కదా. మేమూ అట్లానే నేర్చుకున్నాం" అని తన బట్టతల నిమురుకునేవారు. ఆయన దృష్టిలో తెలివైన పిల్లవాణ్ణి గుర్తించడానికి అంతకంటే తేలికైన దారి లేదు. ఎవరి చెయ్యి పైన ఉందో చూస్తే చాలు.

నేను చెప్పబోయే పిల్ల మొదట నా గదిలోనే, రెండో తరగతిలో ఉండేది. వాళ్ల నాన్న ఊరి సెంటర్లో బోరు మోటార్లు వైండింగ్ చేసేవాడు. తల్లి ఇంట్లో మిషను కుట్టేది. ఇద్దరాడపిల్లలు. పెద్దది పెద్దసారు గదిలో నాలుగో తరగతి, చదువులో నెమ్మది, మనిషీ నెమ్మదే. చిన్నదాన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేదీ, అన్నం దగ్గర తన గుడ్డులో పచ్చసొన తీసి పెట్టేదీ, జడ ఊడితే మళ్లీ అల్లేదీ అదే. చిన్నది దాన్ని ఆపా అని పిలిచేది, తెలుగులో అక్క అన్నట్టు. మా గది గోడకి పురుగుమందుల కొట్టువాళ్లిచ్చిన క్యాలెండరు ఉండేది. ఒకరోజు అందరూ ఎక్కాలు రాస్తుంటే ఈ పిల్ల దానికేసి నోరు తెరుచుకుని చూస్తోంది. ఏమే, గోడ మీద ఏముంది అని కసిరాను. "మేడం, ఒకటో తారీకు ఆదివారం వచ్చిన నెలలో పదమూడో తారీకు శుక్రవారమే వస్తంది. ఎప్పుడైనా అంతేనా?" అంది. శుక్రవారం వాళ్ల నాన్న కొట్టు మూసి నమాజుకి వెళ్తాడు, ఆ రోజు పిల్లలతో ఉంటాడు, అందుకని శుక్రవారాల మీద దాని కన్ను.

నేను నమ్మలేదు. ఎవరో చెప్పి పంపారనుకున్నాను. క్యాలెండరు తీసి బీరువాలో పెట్టి, వచ్చే నెల పదో తారీకు ఏ వారం అని అడిగాను. కాసేపు కళ్లు మూసుకుని చెప్పింది. ఆ పై నెల అడిగాను. అదీ చెప్పింది. ఇంటికెళ్లి మా ఆయన్ని కూర్చోబెట్టి అవే అడిగితే ఆయన సెల్‌ఫోన్ వెతుక్కున్నారు. అప్పుడు నమ్మాను. ఆ ఏడాదంతా దానికి ఎక్కాలు మాన్పించి, నువ్వే నాకు ఒక లెక్క తయారుచేసి పెట్టమ్మా అనేదాన్ని. అది పెట్టే లెక్కలకి నాకు చెమటలు పట్టేవి. నా ఉద్యోగంలో అంత సంతోషంగా గడిచిన ఏడాది ఇంకోటి లేదు.

మూడో తరగతికి పెద్దసారు గదిలోకి వెళ్లింది. మొదటి వారంలోనే అయిదో తరగతి లెక్కలకి జవాబులు చెప్తోందని ఆయన మురిసిపోయారు. ఆ తర్వాత ఏమైందో ఏమో, ఉన్నట్టుండి అన్నీ తప్పులే. దసరా సెలవులు దాటాక కూడా అదే వరస. "మీ సరుకు ఏందమ్మా ఇట్లా తేలింది?" అన్నారు సారు. "వాళ్ల అక్క వెనక నుంచి అందించేదేమో, మీరు కనిపెట్టలేకపోయారు." వాళ్ల అక్కకి రెండంకెల కూడికే సరిగా రాదు. సోమవారం నుంచి పిల్లని మళ్లీ రెండో తరగతిలో కూర్చోబెడదాం అన్నారు. ఏడాది పాటు నాకు చెమటలు పట్టించిన పిల్ల మళ్లీ వచ్చి ఎక్కాలు వల్లించాలి! నాకు కడుపు మండింది. ఇందులో ఏదో ఉందని అప్పుడే అనుకున్నాను.

అనుమానించడానికి నాకు మనుషుల కొరత లేదు. ఈ పిల్ల వెనకబడ్డాక గదిలో మొట్టికాయలు వేసే పదవి ఊరి పెద్దాయన మనవడికి దక్కింది. వాడు అయిదో తరగతి. పెద్దాయన ఒక పార్టీకి ఊళ్లో నాయకుడు. మా వైపు పార్టీ అంటే పెళ్లి పిలుపుల దగ్గర్నుంచి టీ తాగే బండి దాకా అన్నీ అందులోకే వస్తాయి. మూడో తరగతి ఆడపిల్ల తన మనవడి నెత్తిన మొడుతోందని తెలిసి ఆయన మోటార్ల అతన్ని పిలిపించి ఉంటాడు, ఇతను కూతుర్ని నోరు మూసుకోమని ఉంటాడు. కథ నా బుర్రలో ఇలా చక్కగా అమరిపోయింది. బడి వదిలాక నేరుగా కొట్టు దగ్గరికి వెళ్లాను. రాగి తీగల మధ్య కూర్చున్న మనిషి నన్ను చూసి గాభరాగా లేచాడు. "ఏం తప్పు చేసింది మేడం మా పిల్ల?" అన్నాడు. ఎవరన్నా మిమ్మల్ని బెదిరించారా అని గొంతు తగ్గించి అడిగాను. "మమ్మల్నెందుకు బెదిరిస్తారు మేడం? మోటరు కాలితే రెండు పార్టీలోళ్లూ మా కాడికే రావాల" అన్నాడు. తర్వాత తీగ చుట్టుకుంటూ, తల ఎత్తకుండా అన్నాడు. "సారు చెప్పిండు, దానికి చదువు ఎక్కట్లేదని. ఎక్కకపోతే ఏం జేస్తాం. వాళ్లమ్మ కాడ మిషను నేర్చుకుంటది." అతను అబద్ధం చెప్తున్నాడేమోనని అతని మొహం చాలాసేపు చూశాను. నాకు అందులో కనిపించింది దిగులొక్కటే.

మర్నాడు సారు మీటింగుకి వెళ్తే రెండు గదులూ నాకే అప్పగించారు. పిల్లలందరినీ నిలబెట్టి ఒక ఆట పెట్టాను. నేను ఒక మాట చెప్తాను, అది నిజమైతే నిలబడాలి, కాకపోతే కూర్చోవాలి. లెక్కలు, తారీకులు, వారాలు, నోటికొచ్చినవన్నీ అడిగాను. పక్కవాణ్ణి చూసి లేచే వెధవలకి కూడా కొన్ని సరిపోయాయి. కళ్లు మూసుకుని లేచి కూర్చున్నా కొన్ని సరిపోవాల్సిందే కదా. ఈ పిల్లకి ఒక్కటంటే ఒక్కటి సరిపోలేదు. నిలబడాల్సినప్పుడల్లా కూర్చుంది, కూర్చోవాల్సినప్పుడల్లా నిలబడింది. ఏమీ తెలియనివాళ్లు అన్నీ తప్పు చెప్పలేరు. అన్నీ తెలిస్తేనే అది కుదురుతుంది. దగ్గరికి పిలిచి ఎందుకే ఇలా చేస్తున్నావు అని బతిమాలాను. నేల మీద నాపరాయి అంచు కాలి బొటనవేలితో గీకుతూ నిలబడింది.

ఆ వారంలోనే పెద్దదానికి జ్వరమొచ్చి బడికి రాలేదు. రెండో రోజు మధ్యాహ్నం పెద్దసారు నా గదిలోకి వచ్చి తలుపు లేని ద్వారానికి అడ్డంగా నిలబడ్డారు. "నిజం చెప్పండమ్మా. మీరు గానీ దానికి ముందుగా జవాబులు చెప్తన్నారా? నిన్నా ఇవ్వాళా ఒక్కటి కూడా తప్పు పోలా." అనుమానంలో నాకు సాటి వచ్చే మనిషిని అప్పుడే మొదటిసారి చూశాను. ఇద్దరం ఒకరినొకరం చూసుకుంటుండగానే బయట గొడవ. ఊరి పెద్దాయన మనవణ్ణి రెక్క పట్టుకుని తీసుకొచ్చాడు. వాడి నెత్తి మీద నిమ్మకాయంత బొప్పి. "ఏంది సారూ ఇది? ఆ బుడ్డది మావోణ్ణి కసిదీరా మొట్టిందంట!" అన్నాడు. అంటే పిల్లకి మొట్టడానికి మొహమాటమేం లేదు. ఆ పెద్దాయనంటే భయమూ లేదు. నేను అల్లుకున్న కథంతా అక్కడే కూలిపోయింది. ఆయన్ని సాగనంపేసరికి సారుకి తల ప్రాణం తోకకొచ్చింది.

మర్నాడు పెద్దది వచ్చింది, నీరసంగా, చెల్లెలి చెయ్యి పట్టుకుని. ఆ రోజు మళ్లీ అన్నీ తప్పులే. అప్పుడు నాకు వెలిగింది. సారుని పక్కకి పిలిచి, పెద్దదాన్ని చాక్‌పీసుల కోసం నా గదికి పంపి చిన్నదాన్ని ఒక లెక్క అడగండి అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశారు గానీ, అడిగారు. పిల్ల ఠక్కున చెప్పింది. పెద్దది చాక్‌పీసులు తెచ్చి వరసలో నిలబడింది. సార్, ఇప్పుడు ఆ లెక్కే మళ్లీ అడగండి అన్నాను. ఆయన అంకెలు కూడా మార్చకుండా అడిగారు. పిల్ల ముందు అక్కని చూసింది. తర్వాత సారు చేతివేళ్ల కేసి చూసింది. తప్పు చెప్పింది.

పెద్దదే నోరు విప్పింది, తప్పు తనదైనట్టు. "మొదటి వారంలో నాకు మెల్లగా ఏసిందని మీరు మళ్లీ ఏపిచ్చారు సార్. గట్టిగా. ఆ రోజు ఇంటికాడ అది అన్నం తినలా. నాకు నొప్పి లేదని ఎంత చెప్పినా ఇనలా." పెద్దసారు కళ్లజోడు తీశారు, మళ్లీ పెట్టుకున్నారు. నా మటుకు నాకు కళ్లు నిండిపోయి బోర్డు కేసి తిరిగాను. ఎనిమిదేళ్ల పిల్ల నెలల తరబడి అన్నీ తెలిసి కూడా మొద్దు అనిపించుకుంది. మిషను కుట్టుకుంటూ బతకడానికి కూడా సిద్ధపడింది గానీ, అక్క నెత్తి మీద రెండోసారి చెయ్యి ఎత్తలేదు.

"ఇంకెవరూ ఎవరినీ మొట్టక్కర్లా. ఇప్పుడు చెప్పమ్మా" అన్నారు సారు. అది నమ్మలేదు. మా ఇద్దరి అనుమానాలూ కలిపినా దాని అనుమానం ముందు దిగదుడుపే. ఆయనకి అర్థమై, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడ్డారు, చిన్నప్పుడు తనూ అలాగే నిలబడి ఉంటారు. పిల్ల ఆలోచించింది. అక్క దగ్గరికి వెళ్లి చెవిలో ఏదో చెప్పింది. అక్క పైకి చెప్పింది. సరైన జవాబు.

ఆ తర్వాత రెండో తరగతి మాట ఎవరూ ఎత్తలేదు. సారు గదిలో మొట్టికాయలు పోయాయి. చాలా రోజులు పిల్ల అక్క చెవిలోనే జవాబులు చెప్పేది. ఎలా వచ్చిందో కూడా చెప్పమ్మా, అక్కకి తెలియాలి కదా అని నేను మెల్లగా అలవాటు చేశాను. ఆ చెవిలో చెప్పుడు పుణ్యమా అని పెద్దదానికి కూడికలు వచ్చాయి. చిన్నది పైకి నోరు విప్పేసరికి వేసవి సెలవులొచ్చాయి. ఎప్పుడైనా ఎవడైనా మరీ మొండిగా తప్పు చెప్తే పెద్దసారు చెయ్యి అలవాటుగా పైకి లేచేది. లేచిన చేత్తో ఆయన తన బట్టతల గోక్కునేవారు.

ట్రైనింగు అయ్యాక సత్తెనపల్లి బస్సు కోసం నిలబడితే అదే స్టాండులో ఆ పిల్ల కనిపించింది. నేను పోల్చుకోలేదు, అదే వచ్చి పలకరించింది. ఇప్పుడు తొమ్మిదో తరగతట, లెక్కల పోటీకి వచ్చి వెళ్తోందట. అక్క ఇంటర్మీడియట్ చదువుతూ ఇంటి దగ్గరే ఉందట. ఊరికే ఉండలేక, వచ్చే నెల పదమూడో తారీకు ఏ వారమే అని అడిగాను. నవ్వింది. నోరు తెరవబోయి ఒక్క క్షణం ఆగి పక్కకి చూసింది. పక్కన ఎవరూ లేరు, ఖాళీ బెంచీ. అప్పుడు చెప్పింది. మేము ఆ పద్ధతి ఒక్క పూటలో మానేశాం, ఆ పిల్ల కళ్లు పక్కకి చూడటం మానడానికి మాత్రం ఇన్నేళ్లూ చాలలేదు.