శనివారం ఒంటిపొద్దు, నూట నాలుగు డిగ్రీల నీళ్ళు

అది 2009 ఫిబ్రవరి. వర్జీనియాలో హెర్న్‌డన్‌కి దగ్గర్లో, ఒక ఆఫీస్ బిల్డింగ్ కింది రెండు అంతస్తుల్లో ఉండే థెర్మల్ స్పాలో నేను వెట్ ఏరియా సూపర్‌వైజర్‌ని. వెట్ ఏరియా అంటే వేడినీళ్ళ కొలను, చన్నీళ్ళ కొలను, ఆవిరి గది, ఇవన్నీ ఉండే తడి భాగం. అందులో ఆడవాళ్ళ వైపంతా నా పూచీ. తలా ఒక వంటకం తెచ్చుకునే పొట్‌లక్‌లలో మనవాళ్ళకి నా ఉద్యోగం గురించి చెబితే, "అంటే అందరికీ వేణ్ణీళ్ళు కాచి పోస్తావా?" అని నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. నీళ్ళ వేడి, క్లోరిన్ పాళ్ళు, జారే నేల, కళ్ళు తిరిగి పడబోయే మనుషులు, ఇవన్నీ చూసుకునే పని అని పులిహోర తింటూ ఎవరికి వివరిస్తాం?

సగం పని మనుషుల్ని కనిపెట్టడమే. పెద్ద కొలనులో నీళ్ళు నూట నాలుగు డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటాయి. మన ఇళ్ళలో తలంటు నీళ్ళంత వేడి అనుకోండి. అందులో పది నిమిషాలు కూర్చుంటే ఒళ్ళు తేలికపడుతుంది, అరగంట కూర్చుంటే రక్తపోటు పడిపోతుంది. అందుకని ప్రతి పదిహేను నిమిషాలకీ ఒకరం కొలను చుట్టూ తిరిగి ఒక్కొక్కరి మొహం చూడాలి. దాన్ని డెక్ రౌండ్ అంటాం. ఖాళీ కడుపుతో నీళ్ళలో దిగకూడదని గోడమీద మూడు భాషల్లో రాసుంటుంది. తెలుగు అందులో లేదు. డైటింగ్ పేరుతో మాడుతూ వచ్చే అమ్మాయిల్ని రోజుకి ఒకరిద్దరినైనా పైన కేఫ్‌కి తరిమేదాన్ని. "ముందు ఒక అరటిపండు తినండి, తర్వాతే నీళ్ళు" అంటే మొహం చిట్లించుకునేవారు. అయినా తినేవారు.

ఆ శనివారం మధ్యాహ్నం బయట మంచు కురుస్తోంది. ఒకటిన్నరకి సుగుణగారూ, వాళ్ళమ్మాయి అంజలీ లాకర్ రూమ్‌కి వచ్చారు. సుగుణగారికి అరవై ఆరేళ్ళు. ముప్పై ఏళ్ళు ఒక ల్యాబ్‌లో కెమిస్ట్‌గా పనిచేసి, రెండు నెలల కిందటే రిటైరయ్యారు. భర్త పోయి చాలా కాలమైంది, ఇంట్లో ఒక్కరే ఉంటారు. అంజలి ఒక్కత్తే కూతురు, ఇక్కడే పుట్టి పెరిగింది, శాంటా క్లారాలో ఉద్యోగం. అమ్మ రిటైర్‌మెంట్‌కి బహుమతిగా ఈ మధ్యాహ్నం బుక్ చేసి, నాలుగు రోజుల సెలవు మీద వచ్చింది. ముప్పై దాటిన ఆ పిల్ల నలభై రెండేళ్ళ నన్ను చూడగానే "హాయ్ ఆంటీ! మీరు తెలుగు! అమ్మా, చూడు!" అంది. ఆంటీ అన్నందుకు కొంచెం గుచ్చుకున్నా, ఆ ఉత్సాహానికి ముచ్చటేసింది.

సుగుణగారు మోకాళ్ళ దాకా ఉండే, పొడుగు చేతుల ఈతదుస్తుల్లో సిగ్గుపడుతూ నిలబడ్డారు. "ఈ వయసులో ఈ వేషమేమిటమ్మా నాకు, ఇది కొనుక్కొచ్చి తొడుక్కోమంది" అన్నారు. కోపం నటిస్తున్నారు గానీ మొహమంతా వెలుగే. నీళ్ళలో దిగేముందు నింపే ఫారమ్‌లో షుగర్ ఉందని టిక్ పెట్టి, పక్కన 'కంట్రోల్‌లో ఉంది' అని రాశారు. నేను ఆరెంజ్ జ్యూస్ గ్లాసు అందించాను. అంజలి అద్దం దగ్గరికి వెళ్ళేదాకా ఆగి, ఆవిడ ఆ గ్లాసు మెల్లగా నా చేతిలో పెట్టేశారు.

"ఇవాళ శనివారం కదమ్మా. ఒంటిపొద్దు. సాయంత్రం దీపం పెట్టుకున్నాకే ఏదైనా."

"ఆంటీ, షుగర్ ఉంది కదా మీకు. ఖాళీ కడుపుతో ఆ నీళ్ళలోకి వద్దండీ."

"పొద్దున కాఫీ తాగాన్లే. నలభై ఏళ్ళుగా చేస్తున్నా ఈ వారం. ముప్పై ఏళ్ళు ల్యాబ్‌లో చేసినదాన్ని, నా షుగర్ సంగతి నాకు తెలియదూ?" గొంతు ఇంకా తగ్గించారు. "దానికి చెప్పకు తల్లీ. డిసెంబర్‌లో ఒకసారి, జనవరిలో ఒకసారి ఇక్కడికే తీసుకొస్తానంది. రెండుసార్లూ నేనే కుదరదన్నాను. ఇప్పుడు ఉపవాసమంటే, అమ్మకి నాతో ఏదీ చేయడం ఇష్టం లేదనుకుంటుంది. ఎంత దూరం నుంచి వచ్చిందో చూడు."

ఇంకెవరైనా అయుంటే ఒక్క మాట వినేదాన్ని కాదు. కానీ మా అమ్మా శనివారాలు చేసేది. ఒక పెద్దావిడ వ్రతాన్ని అరటిపండు పెట్టి చెడగొట్టడానికి నాకు మనసు రాలేదు. పైగా, దాచడమెందుకు, కూతురికి కూడా చెప్పని మాట నాకు చెప్పారని లోపల ఏదో గొప్పగా అనిపించింది. మొహమాటం మీద మనకో మోటు సామెత ఉంది, ఇక్కడ రాయను. నేను "సరే ఆంటీ, పది నిమిషాలు మించి ఉండొద్దు" అన్నాను. జ్యూస్ సింక్‌లో పారబోశాను.

మసాజ్ గదిలో ముందు అంజలి వంతు, తర్వాత వాళ్ళమ్మ వంతు. అంజలి వెళుతూ వెళుతూ, "ఆంటీ, ప్లీజ్ అమ్మని చూడండి, తను ఎప్పుడూ రిలాక్స్ అవ్వదు" అంది. "నేనున్నాగా" అన్నాను. ఆ మాట నేనే అన్నాను.

మొదటి రౌండ్‌లో సుగుణగారు మెట్టు మీద కూర్చుని, మెడదాకా నీళ్ళలో, కళ్ళు తెరిచి నవ్వారు. "స్వర్గంలా ఉందమ్మా" అన్నారు. పది నిమిషాలైంది లేవమంటే, "ఇంకొక్క రెండు నిమిషాలు" అన్నారు. ఇంతలో ఆవిరి గదిలో ఎవరో జారిపడ్డారని పిలిస్తే వెళ్ళాను. పెద్ద దెబ్బేం కాదు, మోకాలు గీసుకుంది. తిరిగొచ్చేసరికి రెండో రౌండ్ టైమయింది.

సుగుణగారు అక్కడే ఉన్నారు. కళ్ళు మూసుకుని ఉన్నారు. తల వెనక్కి గట్టుకి ఆనించి ఉంది. పెదాలు కొద్దిగా కదులుతున్నాయి. నేను ఆవిడకి నాలుగడుగుల దూరంలో ఆగాను.

రూల్ ఏమిటంటే, కళ్ళు మూసుకున్న ప్రతి మనిషినీ పలకరించాలి. జవాబు రాకపోతే భుజం తట్టాలి. రోజుకి పాతికమందిని తట్టేదాన్ని, మొహమాటం లేకుండా. ఆవిడని తట్టలేదు. శనివారం, ఉపవాసం, కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతున్నారు, జపం చేసుకుంటున్నారనుకున్నాను. జపం మధ్యలో పలకరించకూడదని చిన్నప్పుడు మా ఇంట్లో తిట్లు తిన్నదాన్ని. చప్పుడు కాకుండా అడుగులు కూడా నెమ్మదిగా వేస్తూ అవతలి గట్టుకి వెళ్ళిపోయాను. షుగర్ పడిపోయినప్పుడు మనిషి మాటలు అలాగే తడబడతాయని, పెదాలు అలాగే కదులుతాయని నేను ట్రైనింగ్‌లో చదివాను. పరీక్షలో ఆ ప్రశ్నకి సరైన జవాబు కూడా రాశాను.

ఆ తర్వాత ఎంతసేపో నేను చెప్పలేను. నాలుగైదు నిమిషాలే అంటుంది కెమెరా. కొలనులో అటువైపున్న ఒక అమ్మాయి "మేడమ్? మేడమ్!" అని అరిచింది. సుగుణగారి మొహం నీళ్ళలో ఉంది. తెల్లజుట్టు పైన తేలుతోంది.

నేనూ ఇంకో అటెండెంటూ కలిసి గట్టుమీదికి లాగాం. సీపీఆర్ మొదలుపెట్టాను. అంటే రెండు చేతులతో గుండె మీద లెక్కపెడుతూ నొక్కడం. ముసలి ఎముకలు చేతి కింద తెలుస్తాయి, ఆ సంగతి ఏ క్లాసులోనూ చెప్పరు. అంబులెన్స్ వాళ్ళు వచ్చేసరికి గుండె కొట్టుకుంటోంది, మనిషి మాత్రం పలకడం లేదు. పారామెడిక్ వేలిమీద సూది గుచ్చి షుగర్ చూసి, తన పక్కవాడి వైపు తిరిగి తల ఆడించాడు. "డయాబెటిక్కా? ఇవాళ ఏమైనా తిన్నారా?" అని ఇంగ్లీషులో గట్టిగా అడిగాడు.

అప్పుడే అంజలి మసాజ్ గది నుంచి తెల్ల రోబ్‌లో, ఒంటిమీద నూనెతో, చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది. "తినే ఉంటుంది! షి ఆల్వేస్ ఈట్స్ లంచ్!" అంది.

"తినలేదు" అన్నాను నేను. "ఉపవాసం. పొద్దున కాఫీ తప్ప ఏమీ లేదు."

అంజలి నావైపు చూసింది. ముందు అర్థం కానట్టు, తర్వాత అర్థమై.

"అమ్మ మీకు చెప్పిందా?"

నేను తలూపాను.

"నాకు చెప్పలేదు" అంది. స్ట్రెచర్ వెనక అదే రోబ్‌తో మంచులోకి వెళ్ళిపోయింది. చెప్పులు తీసుకుని నేను వెనకాల పరిగెత్తేసరికి అంబులెన్స్ తలుపులు వేసేశారు.

సుగుణగారు ఎనిమిది రోజులు మెషీన్ మీద ఉన్నారు. కళ్ళు తెరవలేదు. తొమ్మిదో రోజు మెషీన్ తీసేశారు. ఉపవాసం రోజు కూడా అలవాటు కొద్దీ షుగర్ మాత్ర వేసుకున్నారట. వారం రోజుల మాత్రల డబ్బాలో శనివారం గది ఖాళీగా ఉందని తర్వాత తెలిసింది.

ఇలాంటిది జరిగితే ఇన్సిడెంట్ రిపోర్ట్ రాయాలి. ఏం జరిగింది, ఎవరు చూశారు, ఎన్ని నిమిషాలకి చూశారు అన్నీ అందులో ఉంటాయి. రెండో పేజీలో ఒక గడి ఉంటుంది: అతిథి పరిస్థితి సిబ్బందికి ముందే తెలుసా? మా మేనేజర్ డెబ్బీ మంచి మనిషే. గది తలుపు వేసి, "ఆవిడ ఫారమ్ మీద సంతకం చేసింది. నువ్వు టైముకి రౌండ్ వేశావు. ఆ గడి నింపేముందు బాగా ఆలోచించుకో" అంది. నేను తెలుసు అనే చోట టిక్ పెట్టాను. ఇదేదో పెద్ద ధైర్యమని అనుకోకండి. అంజలి ఎదురుగా నా నోటితో చెప్పేశాక ఇంకా దాచడానికేముంది? అంజలి అప్పుడే రాకుండా ఉంటే ఏ గడిలో టిక్ పెట్టేదాన్నో, ఇప్పటికీ నాకు తెలియదు. ఆ తర్వాత నన్ను నీళ్ళ దగ్గర నుంచి మార్చి టవల్స్ లెక్కచూసే పనిలో వేశారు. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఆ ఆగస్టులో అంజలి వచ్చింది. అమ్మ ఇల్లు ఖాళీ చేయడానికి వచ్చి, దారిలో నాకోసం ఆగింది. కేఫ్‌లో కూర్చున్నాం. దెబ్బలాడటానికి రాలేదు.

"ఆ రోజు అమ్మ మీతో ఇంకా ఏం మాట్లాడింది? ఎవ్రీథింగ్ చెప్పండి ఆంటీ. లాస్ట్ మాట్లాడింది మీతోనే."

అన్నీ చెప్పాను. ఈతదుస్తుల గురించి, స్వర్గంలా ఉందన్న మాట గురించి. ఒక్క విషయం దగ్గర ఆగాను. ఆ పిల్ల మొహం చూస్తూ అదీ చెప్పాను: డిసెంబర్‌లో కాదన్నారు, జనవరిలో కాదన్నారు, మూడోసారి కాదంటే నువ్వు బాధపడతావని ఉపవాసం సంగతి నీకు చెప్పలేదు.

అంజలి చాలాసేపు కాఫీ కప్పు మూత తీస్తూ, పెడుతూ కూర్చుంది.

"అప్పుడు నా రిటర్న్ ఫ్లైట్ మండే ఆంటీ" అంది చివరికి. "సండే మొత్తం ఫ్రీగా ఉన్నాం. సండేకి మార్చేదాన్ని కదా. అమ్మ చెప్తే. మీరు చెప్తే."

ముందు కౌంటర్‌లో ఉన్న కంప్యూటర్‌లో బుకింగ్ ఒక రోజు జరపడం రెండు నిమిషాల పని. ఆ పని చేయడం నాకు వచ్చు. ఆ రోజు గ్లాసు చేత్తో పట్టుకుని నిలబడ్డప్పుడు నాకు తోచినవి రెండే దారులు: ఆవిడ వ్రతం చెడగొట్టడం, లేదా ఆవిడ రహస్యం కాపాడటం. మూడోది కౌంటర్ దగ్గరే ఉంది. మనవాళ్ళం, మనకి అర్థమవుతుంది అనుకున్నానే గానీ, ఆవిడ ప్రాణానికి నేను కాపలాదారునన్నది ఆ ఆత్మీయతలో మరిచిపోయాను. ఏ తెలుగూ తెలియని డెబ్బీ ఆ చోట ఉండి ఉంటే, సుగుణగారు కొంచెం చిన్నబుచ్చుకుని, అరటిపండు తిని, బతికేవారు.

అంజలి వెళుతూ నన్ను కావలించుకోలేదు. క్షమించానని అనలేదు. నేను అడగలేదు కూడా. "థాంక్స్ ఫర్ టెల్లింగ్ మి" అని కారెక్కింది.

ఆ ఏడాది చివర్లో ఆ ఉద్యోగం మానేశాను. రెండేళ్ళు నీళ్ళ జోలికి పోలేదు. తర్వాత ఒక కమ్యూనిటీ సెంటర్ ఇండోర్ పూల్‌లో చేరాను. అక్కడికి మన పెద్దవాళ్ళు చాలామంది వస్తారు. నాకు మొహమాటం పోయింది. లోపలికి వచ్చే ప్రతివాళ్ళనీ ఏం తిన్నారు, ఎప్పుడు తిన్నారు అని అడుగుతాను. ఎవరైనా గొంతు తగ్గించి "మా అమ్మాయికి చెప్పకమ్మా" అంటే, వాళ్ళ ఎదురుగానే అమ్మాయిని కేకేసి పిలుస్తాను. నన్ను గయ్యాళి అంటారని తెలుసు.

మొన్నీమధ్య ఒకావిడ నీళ్ళలో కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతూ కూర్చున్నారు. వెళ్ళి భుజం తట్టాను. ఉలిక్కిపడి కళ్ళు తెరిచి, "జపం మధ్యలో పాడుచేశావు కదా! బుద్ధుందా నీకు?" అని నలుగురూ తిరిగి చూసేలా తిట్టారు. నేను అక్కడే గట్టు మీద నిలబడి, ఆవిడ తిట్టడం పూర్తయ్యేదాకా మొత్తం విన్నాను.