డ్రాయింగు ప్రకారం కుట్టిన బొంత

ఆ రోజుల్లో మా వైపు పల్లెల్లో ఖాకీ బట్టలు వేసుకుని పటాన్‌చెరు పోయొచ్చే పిల్లవాడంటే ఇంట్లో వాళ్లకు కాస్త భయభక్తులుండేవి. రేడియో పలకకపోయినా, తాళం తెరుచుకోకపోయినా, చివరికి గేదె పాలు తగ్గినా "పిలగాడు రానీ, సూస్తడు" అనేవారు. తొంభైల మొదట్లో వెలిమెలలోని మా ఇంట్లో ఆ పిలగాణ్ని నేను. ఐటీఐలో ఫిట్టరు పాసై, పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో ఒకదాంట్లో అప్రెంటిస్‌గా చేరి ఎనిమిది నెలలైంది. వయసు పంతొమ్మిది. లోకంలో నాకు తెలియని విషయాలు ఉన్నాయేమోనన్న అనుమానం అప్పటికింకా రాలేదు. (ఇప్పుడు ఆ అనుమానం తప్ప వేరే ఏమీ మిగల్లేదు.)

ఈ గర్వంలో సగం మా సూపర్‌వైజరు పుణ్యం. ఆయన్ను మేమంతా చాటుగా మైక్రాన్ సార్ అనేవాళ్లం. మనిషి మాట్లాడితే మిల్లీమీటరులో వెయ్యో వంతు లెక్కన, మైక్రాన్లలోనే మాట్లాడేవాడు. డ్రాయింగులో ఏముంటే అదే చెయ్యాలి, సొంత తెలివి గేటు బయట సైకిలు స్టాండులో పెట్టి రావాలి అనేది ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతాన్ని నేను ఇంటిదాకా మోసుకొచ్చాను. అమ్మ గోడకు మేకు కొడుతుంటే కూడా మట్టం తప్పిందని చెప్పే స్థితికి వచ్చాను.

ఆ ఏడు మా అక్క మొదటి కాన్పుకు ఇంటికొచ్చింది. ఆడపిల్ల పుట్టింది. అయిదో నెలలో తల్లినీ బిడ్డనూ సంగారెడ్డిలోని అత్తగారింటికి పంపాలి. మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. బిడ్డతోపాటు ఇంట్లో పాత బట్టల ముక్కలతో కుట్టిన బొంత ఒకటి వెళ్లాలి. ఇంటి మనుషులు కట్టి విడిచిన బట్టలైతే మెత్తగా ఉంటాయి, బిడ్డకు వాళ్ల చెయ్యి తగిలినట్టూ ఉంటుందని అమ్మ అనేది. ఆ బొంత కోసమే అమ్మ మా నాయనమ్మ నేత చీర ఒకటి పెట్టెలో దాచి ఉంచింది. నాయనమ్మ అంతకు ముందు ఎండాకాలంలోనే పోయింది. ఆమెదని చెప్పుకోవడానికి ఆ ముదురు ఎరుపు చీర ఒక్కటే, అదీ చిరుగులు పోను మూరెడు గుడ్డే మిగిలింది. అక్కను పెంచింది ఎక్కువగా నాయనమ్మే.

ప్రయాణం పది రోజులుందనగా అమ్మ బోరింగు దగ్గర పాచి మీద జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. మోచేతి దాకా పిండికట్టు వేసి పంపించారు. ఇంట్లో కుట్టు మిషను ఉంది, బట్టలున్నాయి, కుట్టే చెయ్యే లేదు. అక్కకు కుట్టు రాదు, పైగా చంకలో పిల్ల. పక్కింటి వాళ్లకిచ్చి కుట్టిద్దామా అని అమ్మా అక్కా మాట్లాడుకుంటుంటే నేను అన్నం తింటూ, అందులో ఏముంది, చదరపు ముక్కలు కోసి ఒకదానికొకటి అతికించడమే కదా, ఇనుప రేకులతోనే చేస్తున్నాను, గుడ్డతో చెయ్యలేనా అన్నాను. నాయిన నావైపు చూసి మళ్లీ పళ్లెంలోకి చూసుకున్నాడు. ఆయన ఏమీ అనకపోతే నేను సమ్మతి కింద లెక్కేసుకునేవాణ్ని.

ఆదివారం పొద్దున తెల్ల కాగితం మీద డ్రాయింగు గీశాను. బొంత వెడల్పు ముప్పై అంగుళాలు, పొడవు ముప్పై అయిదు. అయిదంగుళాల చదరాలు, అడ్డం ఆరు, నిలువు ఏడు, మొత్తం నలభై రెండు. కింద నా సంతకం కూడా పెట్టాను. నాయనమ్మ చీర, అమ్మవి రెండు పాత చీరలు, నాయిన తెల్ల ధోతి వాకిట్లో పరిచి, స్టీలు స్కేలుతో మూలమట్టంతో సున్నం బలపం గీతలు గీసి కొయ్యడం మొదలుపెట్టాను. అమ్మ గడప మీద కూర్చుని, కట్టు వేసిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"కుట్టుకెంత ఇడుస్తున్నవ్ బిడ్డా?" అంది.

"ఇడుసుడేంది అమ్మా, ఐదంటే ఐదే. డ్రాయింగుల ఏముంటే గదే కోయాలె" అన్నాను. అంతటితో ఆగకుండా, కొలత కంటే ఎక్కువ కోస్తే గుడ్డ దండగ అవుతుందని, ఆడవాళ్లు అందాజుగా కోయడం వల్లే ఇళ్లల్లో ఇన్ని పీలికలు పోగవుతున్నాయని చిన్న ఉపన్యాసం ఇచ్చాను. అమ్మ ఓపిగ్గా విని, సరే నీ ఇష్టం అని లేచి పొయ్యి దగ్గరికి పోయింది. ఆ 'నీ ఇష్టం' విని ఆ రోజు సంతోషించాను. పెళ్లయ్యాక గానీ ఆ మాటకు అసలు అర్థం నాకు తెలిసి రాలేదు.

ఇక మిషను. నా బుద్ధి కొద్దీ ముందు దాన్ని విప్పి నూనె వేశాను. మళ్లీ బిగించాక ఒక స్క్రూ మిగిలింది. అది అదనపుదని నిర్ణయించి జేబులో వేసుకున్నాను. కాలితో తొక్కితే చక్రం ముందుకు రెండు చుట్లు తిరిగి, మనసు మార్చుకుని వెనక్కి తిరిగేది. వెనక్కి తిరిగిన ప్రతిసారీ దారం టప్పున తెగేది. దాన్ని సూదిలోకి ఎక్కించేసరికి కళ్లల్లో నీళ్లొచ్చేవి. ఫ్యాక్టరీలో ఇనుము చెక్కే అంత పెద్ద లేత్ మిషను నా మాట వింటుంది, ఇది వినదేం అని ఒకటే పరేషాన్. మూడు రోజులు డ్యూటీ నుంచి రాగానే దాని ముందు కూర్చుని, చదరాలను వరుసలు వరుసలుగా కుట్టాను. కుట్టడానికి గీత అంటూ గీయలేదు కనుక కుట్టు ఒకచోట అంచుకు దగ్గరగా, ఒకచోట వేలెడు ఎడంగా పడింది. గుడ్డలే కదా, సర్దుకుంటాయి అనుకున్నాను.

నాలుగో రోజు సాయంత్రం ఏడు వరుసలూ కలిపి మంచం మీద పరిచాను. ఒక వరుస పొడుగు, ఒక వరుస పొట్టి. మూలలు ఒక్కటి కూడా కలవలేదు. మధ్యలో రెండు చోట్ల గుడ్డ పొంగి గుడారంలా లేచింది. స్కేలు పెట్టి చూస్తే ముప్పై అంగుళాల వెడల్పు ఇరవై అయిదుకు పడిపోయింది, ముప్పై అయిదు పొడవు ఇరవై తొమ్మిది అయింది. స్కేలు తప్పేమోనని టేపుతో కూడా కొలిచాను. నాయిన పొలం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, కాసేపు చూసి, "గిది పిల్ల మీద కప్పనీకా, బువ్వ గంప మీద కప్పనీకా?" అని అడిగి లోపలికి పోయాడు. ఆయన హాస్యానికి అన్నాడో నిజంగానే తెలుసుకోవాలని అడిగాడో నాకు ఇప్పటికీ తెలియదు.

అక్క మాత్రం నవ్వలేదు. వచ్చి, ఎర్ర ముక్కల మీద చేత్తో రాసింది. "నాయినమ్మ చీర మొత్తం కోసినవారా?" అని మెల్లగా అడిగింది. మొత్తం కోసేశాను. జానెడు కూడా మిగల్లేదు.  ఒక చదరం కుట్టు విప్పి చూశాను. పాత నేత గుడ్డ కదా, అంచు పొడుగునా పోగులు ఊడి చేతిలోకి వచ్చాయి. ఇంకో రెండు విప్పితే చీరే మిగలదు.

మర్నాడు ఫ్యాక్టరీలో టీ టైముకు మైక్రాన్ సార్ దగ్గరికి పోయి, డ్రాయింగు ప్రకారమే కోసిన జాబు (చేతిలో ఉన్న పనిని మేం అలాగే అనేవాళ్లం) అతికించాక సైజు తగ్గితే కారణం ఏమిటి సార్ అని, ఏదో పుస్తకంలో చదివిన సందేహంలా అడిగాను. ఆయన టీ గ్లాసు దించి, "అలవెన్స్ ఇడిశినవా?" అన్నాడు. లేదన్నాను. "మిషను మీద పోయేదానికి ముందే కొంచెం ఎక్కువ మెటీరియల్ ఇడువాలె. మొదటి రోజే జెప్పిన గదరా. ఏం జాబ్?" అన్నాడు. ఇంటి జాబ్ సార్ అని తప్పించుకున్నాను. మా అమ్మ గడప మీద కూర్చుని అడిగింది సరిగ్గా ఇదే. ఇంగ్లిషులో చెప్పలేదని నేను వినలేదు.

ఇంటికెళ్లి అమ్మ ముందు కూర్చున్నాను. ఏం చెయ్యాలో చెప్పు అన్నాను. అమ్మ ఒక్క మాట దెప్పలేదు. వేరే గుడ్డతో నాలుగు వైపులా పట్టీ వేస్తే సైజు వస్తుందంది. ఏ గుడ్డ? ఇంట్లో గట్టి గుడ్డ అంటూ ఉన్నది ఒక్కటే, రెండో జత యూనిఫాంకని ఫ్యాక్టరీలో నాకిచ్చిన ఖాకీ. ఇంకా దర్జీకివ్వలేదు. అది తెచ్చి ముందు పెడితే అమ్మ భయపడింది. "వద్దు బిడ్డా, పోలీసోళ్ల బొంత అంటరు" అంది. ఈసారి నేనే పట్టుబట్టాను. మూడంగుళాల పట్టీ కావాలి కనుక నాలుగంగుళాల వెడల్పున కోశాను. కోసేముందు అమ్మ మొహంలోకి చూశాను. ఆమె తల ఊపాకే కత్తెర కదిలించాను.

మిగిలిన రోజులు అమ్మ నోరు, నా చెయ్యి కలిసి పని చేశాయి. అంచుకు అర అంగుళం లోపల బలపంతో గీత గీసి, ఆ గీత మీదే కుట్టమంది. మరీ వంకరపోయిన మూడు నాలుగు చోట్ల మాత్రం జాగ్రత్తగా విప్పి, మూల మీద మూల పెట్టి, ముందు అక్కడ గుండుసూది గుచ్చి, తరువాత మధ్యలో గుచ్చమంది. ఒక వరుస అతుకుల్ని కుడివైపుకీ, కింది వరుసవి ఎడమవైపుకీ మడిచి ఇస్త్రీ చేస్తే, రెండూ ఒకదానికొకటి ఆనుకుని మూలలు వాటంతటవే కుదురుకున్నాయి. మా ఫ్యాక్టరీలో అంత బాగా కుదిరిన ఫిట్టింగు నేను చూడలేదు. లోపల అమ్మ పాత చీర మడత, అడుగున ధోతి పరిచి, మధ్యలో మొదలుపెట్టి అంచులవైపు కచ్చా కుట్లు వెయ్యమంది. అంచుల నుంచి మొదలుపెడితే ముడతలన్నీ నడుమకొచ్చి చేరతాయట. చక్రం వెనక్కి తిరగకుండా చేత్తో ముందు ఒక చుట్టు తిప్పి అప్పుడు తొక్కాలని కూడా అప్పుడే చెప్పింది. ఇంతకు ముందే ఎందుకు చెప్పలేదని అడిగితే, నువ్వు అడగలేదు కదా అంది.

ప్రయాణం నాడు బావ, అక్క అత్తగారు జీపు మాట్లాడుకుని వచ్చారు. టీలు తాగుతుండగా అత్తగారు పిల్ల కింద పరిచిన బొంతను చేతిలోకి తీసుకుంది. తిరగేసి మరగేసి చూసింది. ఖాకీ అంచు దగ్గర వేళ్లు కాసేపు ఆగాయి. నేను దర్వాజా పక్కన, సూది పోట్లు పడిన వేళ్లు వెనక్కి దాచుకుని నిలబడ్డాను.

"మంచిగుంది. ఎవలు కుట్టిండ్రు? వదినె చెయ్యి ఇరిగింది గదా" అందామె.

నేను గొంతు సవరించుకున్నాను. ఆలోపు మా అక్క, "మా అమ్మనే కుట్టింది అత్తమ్మా, ఎడమచేత్తోని" అంది.

అమ్మకు టీ పొలమారింది. అత్తగారు ఆశ్చర్యంతో అమ్మ ఎడమచేతి వంక చూస్తూ, కుడిచెయ్యి మంచిగున్న మా ఊరి ఆడోళ్లకు గూడ ఇట్ల రాదు అని మెచ్చుకుంది. నాయిన గట్టిగా దగ్గి బయటికి పోయాడు. జీపు ఎక్కేముందు అక్క నన్ను పక్కకు పిలిచి, "నువ్వు కుట్టినవంటే ఆళ్లు నవ్వుతరు తమ్మీ. నిన్ను జూసి నవ్వితే నాకు మంచిగుండది" అని చెప్పి, నా వేళ్లు ఒకసారి నొక్కి వెళ్లిపోయింది.

ఆ తరువాత రెండేళ్లపాటు సంగారెడ్డి వైపు మా అమ్మ ఎడమచేతికి మంచి పేరుండింది. బావ చెల్లెలికి కొడుకు పుడితే, అమ్మ చేత్తో ఒక బొంత కావాలని కబురొచ్చింది. అమ్మ నావైపు చూసింది. అదీ నేనే కుట్టాను, ఈసారి కుట్టుకు వదిలి. పేరు మళ్లీ అమ్మకే పోయింది. యూనిఫాం ఒక్క జతే ఉండటంతో ఆ ఏడంతా రోజూ ఉతుక్కుని తడి ఆరీ ఆరకుండానే తొడుక్కుని పోయాను. అప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుపడ్డ ఆ కుర్రవాణ్ని తలుచుకుంటే నవ్వూ వస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. ఇప్పుడైతే నేనే కుట్టానని ఎవరి ముందైనా చెప్పేస్తాను. అడిగేవాళ్లే లేరు.